శత్రువు ఎప్పుడు వెనక్కి తగ్గాలి? 1981 బేసిక్ రూల్‌బుక్‌లోని మొరేల్ రూల్ రివ్యూ

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్స్ (టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుని డైస్‌తో ఆడే కథల ఆటలు) ఆడేవాళ్లందరికీ తెలిసిన చిరాకు ఒకటుంది. ఎనిమిది గాబ్లిన్లతో (పొట్టి రాక్షసులతో) ఫైట్ మొదలవుతుంది, మూడో రౌండ్‌కల్లా ఎవరు గెలుస్తారో టేబుల్ చుట్టూ ఉన్న అందరికీ అర్థమైపోతుంది, అయినా మిగిలిన మూడు గాబ్లిన్లు, ఒక్కోదానికి రెండేసి హిట్ పాయింట్లే (ఇంకా ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే లెక్క) ఉన్నా సరే, కత్తులు ఊపుకుంటూ మీదకొస్తూనే ఉంటాయి. డీఎం (డన్‌జన్ మాస్టర్, అంటే ఆట నడిపించేవాడు) వాటి తరఫున రోల్ చేస్తూనే ఉంటాడు, ప్లేయర్లు ఒక్కొక్కరే ఫోన్లు తీస్తారు. ఆ గాబ్లిన్లకి ప్రాణం మీద తీపి లేదా? ఐదుగురు తోటివాళ్లు కళ్ల ముందే పడిపోతే వెనక్కి తిరిగి చూడాలని కూడా అనిపించదా? బతికుంటే బలుసాకు తినొచ్చన్న ఆలోచన ప్రతి జీవికీ వస్తుంది, మన గేముల్లో శత్రువులకి తప్ప.

దీనికి నేను చూసిన వాటిలో అన్నిటికంటే మంచి పరిష్కారం 1981లో వచ్చిన డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ సెట్ రూల్‌బుక్‌లో ఉంది. టామ్ మోల్డ్‌వే ఎడిట్ చేసిన 64 పేజీల చిన్న పుస్తకం. పీడీఎఫ్ ఆన్‌లైన్‌లో అధికారికంగానే అమ్ముతున్నారు, కాబట్టి పాత కాపీల కోసం వెతుక్కోవాల్సిన పనిలేదు. ఈ రివ్యూలో పుస్తకం మొత్తం గురించి రాయడం లేదు, అందులో ఒక పేజీ కూడా నిండని మొరేల్ రూల్ (శత్రువు ధైర్యం ఎప్పుడు చెదురుతుందో తేల్చే రూల్) గురించే రాస్తున్నాను, ఎందుకంటే నా దృష్టిలో ఆ కొన్ని పేరాల కోసమే ఈ పుస్తకం కొనుక్కోవచ్చు. ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ సగం ఎందుకు తగ్గించానో కింద చెబుతాను.

ముందు రూల్ ఏంటో చూద్దాం. పుస్తకంలో ప్రతి మాన్‌స్టర్‌కీ 2 నుంచి 12 లోపు ఒక మొరేల్ స్కోరు ఉంటుంది. ఫైట్‌లో రెండు సందర్భాల్లో చెక్ చేయమంటుంది: ఆ పక్షంలో మొదటి చావు జరిగినప్పుడు, మళ్లీ సగం మంది పడిపోయినప్పుడు. డీఎం ఆరు ముఖాల డైస్ రెండు వేస్తాడు. మొత్తం స్కోరు కంటే ఎక్కువ వచ్చిందా, వాటి గుండె జారిపోయినట్టే, తోక ముడుస్తాయి. సమానంగానో తక్కువగానో వచ్చిందా, నిలబడి పోరాడతాయి. రెండు చెక్‌లూ తట్టుకున్నవి ఇక చచ్చేదాకా పోరాడతాయి, మళ్లీ రోల్ చేయక్కర్లేదు. స్కోరు 2 ఉన్నది అసలు ఫైట్‌కే దిగదు, 12 ఉన్నది ఎట్టి పరిస్థితిలోనూ వెనక్కి తగ్గదు. పరిస్థితిని బట్టి డీఎం రెండు పాయింట్ల దాకా అటూ ఇటూ సర్దుకోవచ్చు. అంతే. ఒకసారి చదివితే జీవితాంతం గుర్తుంటుంది, పుస్తకం మళ్లీ తెరవాల్సిన అవసరం రాదు, నాకు దీంట్లో మొదట నచ్చింది అదే.

ఇది ఎక్కడి నుంచో ఊడిపడిన ఆలోచన కాదు. ఈ హాబీ పుట్టిందే బొమ్మ సైనికులతో ఆడే వార్‌గేమ్స్ నుంచి. గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి 1971లో తెచ్చిన చెయిన్‌మెయిల్ అనే వార్‌గేమ్‌లో సైన్యం చివరి మనిషి దాకా నిలబడుతుందని ఎవరూ అనుకోలేదు, మొరేల్ అందులో ముఖ్యమైన భాగం. పాత యుద్ధాల్లో కూడా ఎక్కువ మంది చచ్చేది ఎదురెదురుగా నిలబడి కొట్టుకునేటప్పుడు కాదు, ఒక పక్షం బెదిరి పారిపోతున్నప్పుడు వెంటపడి నరికితే. 1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ల డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చేనాటికి ఆ వాసన ఇంకా ఉంది. తర్వాత తర్వాత ఎడిషన్లు మారేకొద్దీ ఫైట్ అంటే హిట్ పాయింట్లు సున్నాకి తేవడమే అన్నట్టు తయారైంది. మోల్డ్‌వే చేసిన మంచి పని ఏంటంటే సైన్యాలకి సరిపోయే ఆలోచనని ఐదారు మంది కొట్టుకునే చిన్న గొడవకి సరిపోయేలా కుదించి పెట్టడం.

ఇప్పుడు ఆ నంబర్లు చూడండి. కోబాల్డ్‌కి 6, గాబ్లిన్‌కి 7, ఆర్క్‌కీ హాబ్‌గాబ్లిన్‌కీ 8, ఓగర్‌కి 10, స్కెలిటన్‌కీ జాంబీకీ 12. ఒక్క అంకెతో ఆ జీవి స్వభావం చెప్పేశాడు. కోబాల్డ్ పిరికిది, మీద పడేది గుంపు ధైర్యంతోనే. ఓగర్‌కి తన బలం మీద నమ్మకం. స్కెలిటన్‌కి భయం అనేదే తెలియదు, చచ్చినదానికి మళ్లీ చావు భయమేంటి. పెద్ద పెద్ద పుస్తకాల్లో అర పేజీ వర్ణన చదివాక కూడా ఈ మాన్‌స్టర్‌ని టేబుల్ మీద ఎలా నడపాలో తెలియదు, ఇక్కడ ఒక అంకె చాలు.

అంతకంటే నాకు ఇష్టమైనది నాయకుల విషయం. గాబ్లిన్ల రాజు పక్కనుంటే వాటి 7 కాస్తా 9 అవుతుంది. హాబ్‌గాబ్లిన్ల రాజు ఉంటే 8 నుంచి 10కి పెరుగుతుంది. ఆర్క్‌లకి ఇది తిరగబడి ఉంటుంది: వాటి నాయకుడు చస్తే 8 నుంచి 6కి పడిపోతాయి. ఈ ఒక్క వాక్యం వల్ల ఆట మొత్తం మారిపోతుంది. ప్లేయర్లకి ఈ సంగతి ఒకసారి అర్థమైందంటే, దగ్గరున్న ఆర్క్‌ని కొట్టడం మానేసి, ఆ వెనకాల అరుస్తున్నవాడెవడు, వాడి దగ్గరికి ఎలా చేరాలి, ముందు వాడిని పడేస్తే ఏమవుతుంది అని ప్లాన్ చేయడం మొదలుపెడతారు. మీరు ఎవరికీ టాక్టిక్స్ మీద క్లాస్ పీకక్కర్లేదు, రూలే నేర్పిస్తుంది. ఇందులో డీఎం చేయాల్సిన పని ఒకటుంది, నాయకుడెవడో ప్లేయర్లకి కనిపించేలా చెప్పాలి. మంచి కవచం, ఆజ్ఞలు ఇస్తున్న గొంతు, మిగతావి మాటిమాటికీ అటు చూడటం, ఏదో ఒక గుర్తు ఇవ్వాలి. అది చెప్పకుండా దాచేస్తే ఈ రూల్‌లో సగం మజా పోతుంది.

లెక్క కొంచెం చూద్దాం, ఎందుకంటే డైస్ రెండు వేయడం వల్ల ప్రతి పాయింటుకీ బరువు వేరుగా ఉంటుంది. స్కోరు 7 అయితే ఒక్క చెక్‌లో బెదిరే అవకాశం 36లో 15, అంటే దాదాపు 42 శాతం. ఫైట్ సగం దాకా వెళ్తే రెండు చెక్‌లు పడతాయి కాబట్టి రెండూ దాటుకుని చివరిదాకా నిలబడేది 34 శాతం మాత్రమే. అంటే మామూలు గాబ్లిన్లతో మూడు ఫైట్లు జరిగితే రెండింట్లో అవి మధ్యలోనే పలాయనం చిత్తగిస్తాయి. అదే రాజు ఉండి స్కోరు 9 అయ్యిందనుకోండి, ఒక్కో చెక్‌లో బెదిరేది 17 శాతమే, రెండూ నెగ్గేది 69 శాతం. రెండు పాయింట్ల తేడాకి కథ పూర్తిగా తిరగబడింది. ఆర్క్‌లయితే మొదటి చావుకి 28 శాతం బెదురు, నాయకుడు పోయాక అది 58 శాతం. ఈ శాతాలు డీఎంకి చాలా పనికొస్తాయి. సగం దాకా వచ్చాక మూడింట రెండొంతులు పారిపోతాయని తెలిస్తే, ఫస్ట్ లెవెల్ పార్టీ (అప్పుడే ఆట మొదలుపెట్టిన ప్లేయర్ల క్యారెక్టర్ల గుంపు) మీదకి మూడు గాబ్లిన్లకి బదులు పదింటిని ధైర్యంగా వదలొచ్చు. చూడ్డానికి భయంగా ఉంటుంది, ప్లేయర్లకి నిజంగానే టెన్షన్ పుడుతుంది, గెలిచే దారి మాత్రం ఉంటుంది, ఐదింటిని పడేస్తే చాలు. రెండు చెక్‌లూ నిలబడిపోతే మాత్రం పార్టీ కష్టాల్లో పడుతుంది, అప్పుడు వెనక్కి తగ్గాల్సింది వాళ్లే. అది కూడా ఆటలో భాగమే.

టేబుల్ మీద ఎలా ఉంటుందో ఒక ఫైట్ చెబుతాను. ఇరుకైన నడవా, ఎనిమిది గాబ్లిన్లు, అటు చివర సగం తెరిచిన తలుపు. ఫైటర్ మొదటి దెబ్బకే ఒకటి కూలింది. డీఎం స్క్రీన్ వెనక కాకుండా అందరి ముందూ డైస్ వేశాడు, నాలుగు, రెండు. మొత్తం ఆరు, గాబ్లిన్ స్కోరు ఏడు, నిలబడ్డాయి. వెనకున్నది ఆ శవాన్ని కాలితో పక్కకి తోసి ముందుకొచ్చింది. తర్వాతి రెండు రౌండ్లలో ఇంకో మూడు పోయాయి, మన వైపు క్లెరిక్‌కి (పూజారికి) గట్టి దెబ్బ తగిలింది. సగం పడ్డాయి కాబట్టి మళ్లీ చెక్. ఐదు, నాలుగు. తొమ్మిది. టేబుల్ దగ్గర కేకలు. మిగిలిన నాలుగింట్లో మూడు తలుపు వైపు కాళ్లకి బుద్ధి చెప్పాయి, ముందు వరసలో ఇరుక్కుపోయిన ఒకటి ఈటె కింద పడేసి చేతులెత్తింది. ఈ పుస్తకంలో వెనక్కి తగ్గడానికి రెండు పద్ధతులున్నాయి: మామూలు వేగంలో సగం లోపు, ఎదుటివాడి మీదే కన్నేసి మెల్లగా వెనక్కి జరగడం ఒకటి, అంతకంటే వేగంగా పరుగెత్తడం రెండోది. పరుగెత్తితే వెనకనుంచి కొట్టేవాడికి +2, పైగా డాలు లెక్కలోకి రాదు. అలా పరుగెత్తినవాటిలో ఒకటి గుమ్మంలోనే పడిపోయింది, రెండు తప్పించుకున్నాయి.

ఇక అక్కడి నుంచి అసలు ఆట మొదలైంది. ఆ రెండూ ఎక్కడికి పోయాయి? లోపల ఇంకెంతమంది ఉన్నారు? వెంటపడాలా, క్లెరిక్‌ని చూసుకోవాలా? చేతులెత్తినదాన్ని అడిగితే చెబుతుందా? వాళ్లలో వాళ్లకి వాదన మొదలైంది, ఎవరి చేతిలోనూ ఫోన్ లేదు. చివరి గాబ్లిన్ దాకా చంపుకుంటూ పోయుంటే ఈ ప్రశ్నల్లో ఒక్కటి కూడా పుట్టేది కాదు. ఫైట్ అయిపోయింది, వస్తువులు ఏరుకున్నాం, పక్క గదికి పదండి, అంతే ఉండేది.

డైస్ ఎందుకు, డీఎంకే తెలుసు కదా ఎప్పుడు పారిపోవాలో, అని చాలామంది అంటారు. ఈ వాదన నాకు అర్థమవుతుంది, అనుభవం ఉన్న డీఎం మంచి నిర్ణయమే తీసుకుంటాడు. కానీ రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, ఫైట్ నడుపుతున్నప్పుడు డీఎం బుర్రలో ఇనిషియేటివ్ (ఎవరి వంతు ఎప్పుడన్నది), హిట్ పాయింట్లు, స్పెల్స్, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఇవన్నీ తిరుగుతుంటాయి, వెనక్కి తగ్గడం అనే ఆలోచనే రాదు, ఫైట్ అయిపోయాక వస్తుంది. మొదటి చావు, సగం అనే రెండు గుర్తులుంటే ఆగి ఆలోచించాల్సిన క్షణం దానంతట అదే ముందుకొస్తుంది. రెండోది ఇంకా పెద్దది. పార్టీ ఓడిపోబోతున్నప్పుడు డీఎం ఉన్నట్టుండి శత్రువుల్ని పారిపోనిస్తే, జాలిపడి వదిలేశాడని ప్లేయర్లకి తెలిసిపోతుంది. పైకి ఏమీ అనరు, కానీ ఆ గెలుపు మీద వాళ్లకి ప్రేమ ఉండదు. అదే అందరి ముందూ పడిన డైస్ చెప్పిందంటే అది వాళ్ల గెలుపు. అలాగే గెలిచే ఫైట్‌లో శత్రువు అనుకోకుండా నిలబడిపోతే డీఎం కక్షగట్టాడని ఎవరూ అనుకోరు. అందుకే మొరేల్ రోల్ ఎప్పుడూ బయటే వేయాలని నా గట్టి అభిప్రాయం. ఇంకో సంగతి, డీఎంకి కూడా ఏం జరుగుతుందో తెలియకపోవడంలో ఒక ఆనందం ఉంది, టేబుల్ దగ్గర అందరూ ఆడుతుంటే తనొక్కడే నడిపించేవాడిగా మిగిలిపోకూడదు కదా.

డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్ ఫిఫ్త్ ఎడిషన్ ఆడేవాళ్లు మాకూ ఉంది కదా అనొచ్చు. ఉంది, 2014 డన్‌జన్ మాస్టర్స్ గైడ్‌లో ఆప్షనల్ రూల్‌గా. అక్కడ చెక్ చేయాల్సిన సందర్భాలు బాగా ఆలోచించి రాశారు, అది ఒప్పుకోవాలి: మాన్‌స్టర్ హిట్ పాయింట్లు మొదటిసారి సగానికో అంతకంటే కిందికో పడినప్పుడు, తన టర్న్‌లో ఎదుటివాళ్లని దెబ్బతీసే మార్గమే లేనప్పుడు, గుంపు అయితే నాయకుడు పడిపోయినప్పుడు, అవతల ఒక్కరూ పోకుండా తమవాళ్లు సగం పోయినప్పుడు. దెబ్బతీసే మార్గం లేనప్పుడు అన్నది నాకు చాలా నచ్చింది, గోడ మీద నుంచి బాణాలు వేస్తుంటే కింద తోడేళ్లు ఊరికే నిలబడి చావడం ఎంత అసహజం.

చిక్కంతా రోల్‌లో ఉంది. డీసీ 10 విజ్‌డమ్ సేవింగ్ త్రో వేయమన్నారు, అంటే ఇరవై ముఖాల డైస్ మీద వచ్చినదానికి విజ్‌డమ్ (వివేకం) స్కోరుని బట్టి కొంత కలిపో తీసో చూస్తే 10కి చేరాలి. ధైర్యానికీ విజ్‌డమ్‌కీ ముడిపెట్టడం వల్ల వింత ఫలితాలొస్తాయి. ఆ ఎడిషన్‌లో గాబ్లిన్‌కి విజ్‌డమ్ 8, స్కెలిటన్‌కీ 8. రెండూ 50 శాతం పారిపోతాయి! డీఎం పట్టించుకుని ఆపకపోతే ఎముకల గూడు ప్రాణభయంతో పరుగెత్తుతుందన్నమాట. ఓగర్ విజ్‌డమ్ 7, అంటే 55 శాతం, గాబ్లిన్ కంటే ఓగరే పిరికిది అయిపోయింది. తోడేలుకి 12, అది 40 శాతమే, కాబట్టి మనిషైన మామూలు బందిపోటు కంటే అడవి జంతువు మొండిగా నిలబడుతుంది. ఇవన్నీ డీఎం ఒక్కొక్కటీ సరిచేసుకోవచ్చు, కానీ సరిచేసుకోవాల్సిన అవసరం లేకుండా 1981లోనే ఒక్కో మాన్‌స్టర్‌కి విడిగా నంబరు ఇచ్చిన పుస్తకం ఉండగా ఈ తిప్పలెందుకు?

షాడోడార్క్ అనే గేమ్ 2023లో వచ్చింది, అందులో సగం మంది పోయినప్పుడు, ఒంటరిదైతే సగం హిట్ పాయింట్లు పోయినప్పుడు డీసీ 15 విజ్‌డమ్ చెక్. ఒక్కటే సందర్భం, సులభం, పైగా 15 కాబట్టి బాగానే పారిపోతాయి. కెయిర్న్ అనే ఇంకో గేమ్‌లో మొదటి చావుకీ సగానికీ విల్ (మనోబలం) సేవ్, గుంపుకి నాయకుడి విల్ వాడుకోవచ్చు, అది బేసిక్ రూల్‌కి దగ్గర చుట్టమే. 1989 నాటి అడ్వాన్స్‌డ్ డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్ సెకండ్ ఎడిషన్ పది ముఖాల డైస్ రెండు వేయించి, మీద మోడిఫయర్ల (కలిపే, తీసే అంకెల) పట్టిక పెట్టింది, ఫైట్ మధ్యలో అది చదువుతూ కూర్చుంటే ఊపు పోతుంది.

పారిపోవడం ఫిఫ్త్ ఎడిషన్‌లో ఇంకో కారణం వల్ల కూడా కష్టం, మొరేల్ చెక్ వేసినా అక్కడ చాలామంది విసిగి వదిలేసేది ఇందుకే. మనిషి బందిపోటుకీ మన ఫైటర్‌కీ ఒకటే వేగం, 30 అడుగులు. పక్కనుంచి కదిలితే ఆపర్చునిటీ ఎటాక్ (తప్పుకునేవాడి మీద ఊరికే దొరికే దెబ్బ), డిసెంగేజ్ చేస్తే (ఆ దెబ్బ తగలకుండా తప్పుకుంటే) దూరం పోలేడు, డాష్ చేస్తే (రెట్టింపు దూరం పరుగెత్తితే) 60 అడుగులు పోతాడు కానీ లాంగ్‌బో 150 అడుగుల దాకా మామూలుగానే తగులుతుంది. కాబట్టి బెదిరి పరుగెత్తినవాడు కూడా ఎలాగూ చస్తాడు, ఫైట్ ఏమీ తగ్గదు. దీనికి నేను వాడే మందు ఏంటంటే, చెక్ పోయిందంటే ఆ గుంపంతా ఒకేసారి కదలాలి. ప్రతి క్యారెక్టర్‌కీ రౌండ్‌కి ఒక్క రియాక్షనే (అలాంటి దెబ్బ ఒక్కటే) కదా, ఆరుగురు ఒకేసారి విడిపోతే అందరినీ ఆపలేరు. ఫైట్ మొదలయ్యే ముందే గదిలో ఒక తలుపో, మెట్లో, చెట్ల గుబురో, చీకటో పెట్టుకోండి. మొదటి రౌండ్ పరుగు అయ్యాక మ్యాప్ పక్కన పెట్టేసి, వెంటపడతారా లేదా అని అడిగేయండి. పడతామంటే చేజ్ రూల్స్ ఉన్నాయి, వాటిలో వెంటపడేవాళ్లకీ పారిపోయేవాళ్లకీ మధ్య ఆపర్చునిటీ ఎటాక్‌లు ఉండవు. వదిలేస్తామంటే ఫైట్ అక్కడికి అయిపోయింది.

వదిలేయడానికి ప్లేయర్లకి మనసొప్పదు, ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు (ఎక్స్‌పీ, క్యారెక్టర్ లెవెల్ పెరగడానికి కావాల్సినవి) పోతాయన్న భయం. ఈ భయానికి ఆధారం లేదు. అదే 2014 గైడ్‌లో ఓడించడం అంటే చంపడం, తరిమేయడం, బంధించడం, మూడూ అని స్పష్టంగా ఉంది, పూర్తి ఎక్స్‌పీ ఇవ్వాలి. ఆ వాక్యం చాలామంది చదవరు, ఒకసారి టేబుల్ దగ్గర గట్టిగా చదివి వినిపించండి, వెంటపడి నరికే అలవాటు చాలా తగ్గుతుంది. బేసిక్‌లో అయితే ఈ గొడవ మొదటి నుంచీ తక్కువ, ఎందుకంటే అక్కడ ఎక్స్‌పీలో సింహభాగం బంగారం నుంచే వస్తుంది, గాబ్లిన్ పారిపోయి నిధి వదిలేస్తే ఎవరికి బాధ? నిధి సంచితో సహా పారిపోతే మాత్రం వెంటపడతారు, ఆ వెంటపడటానికి ఒక అర్థం ఉంటుంది.

ఇదే రూల్ మన వైపు కూడా పనిచేస్తుందన్నది చాలామంది గమనించని విషయం. ప్లేయర్ల క్యారెక్టర్లకి మొరేల్ చెక్ లేదు, అది సరైనదే, నా క్యారెక్టర్ ఎప్పుడు భయపడాలో నేనే చెప్పుకోవాలి. కానీ వాళ్లు జీతానికి పెట్టుకున్న రిటైనర్లకి ఉంది. ఆ స్కోరు పార్టీలో వాళ్లని పెట్టుకున్నవాడి కరిస్మాని (మనుషుల్ని ఆకట్టుకునే గుణానికి ఉండే స్కోరుని) బట్టి వస్తుంది: మామూలు కరిస్మాకి 7, 18 ఉంటే 10, 3 ఉంటే 4. వాళ్లని బాగా చూసుకుంటే డీఎం పెంచొచ్చు, ట్రాప్‌లు పరీక్షించడానికి ముందు నడిపిస్తే తగ్గించొచ్చు. దీపం పట్టుకునే కుర్రాడు బెదిరి దీపంతో సహా వెనక్కి పరుగెత్తిన రోజు మీ టేబుల్ దగ్గర కరిస్మా గురించి అందరి అభిప్రాయం మారుతుంది, అప్పటిదాకా అది పనికొచ్చే స్కోరని ఎవరూ అనుకుని ఉండరు.

ఇక ఆ సగం మార్కు సంగతి. మొదటి లోపం, ఒంటరి మాన్‌స్టర్. మొదటి చావు, సగం మంది అన్న లెక్క గుంపులకి సరిపోతుంది, గుహలో ఒక్క ఓగరే ఉంటే ఎప్పుడు చెక్ చేయాలో ఆ రెండు గుర్తులూ చెప్పవు. నేను సగం హిట్ పాయింట్లు పోయినప్పుడు ఒకసారి చేస్తాను, తర్వాతి గేములు చెప్పింది కూడా అదే, హాయిగా పనిచేస్తుంది. రెండోది, కలగలుపు గుంపులు. ఆర్క్‌ల మధ్య ఒక ఓగర్ ఉంటే ఒకటే రోలా, రెండా? నేను ఏ జాతికి ఆ జాతి విడిగా వేస్తాను, ఆర్క్‌లు పరుగెత్తడం చూసిన ఓగర్‌కి ఒక పాయింటు తగ్గిస్తాను. మూడోది నాకు నిజంగా బాధగా ఉండేది: ఇంత మంచి రూల్‌ని పుస్తకంలో ఆప్షనల్ అని ముద్ర వేసి పెట్టారు. ఆప్షనల్ అన్న మాట చూడగానే కొత్త డీఎం దాటేసి వెళ్లిపోతాడు. ఆట మొదట్లోనే అదే రెండు డైస్‌తో వేసే రియాక్షన్ రోల్ (ఎదురైన జీవి ఎలా స్పందిస్తుందో తేల్చేది) ఉంది కదా, 2 వస్తే వెంటనే దాడి, 12 వస్తే స్నేహం, దాని తోబుట్టువు ఇది. ఫైట్ మొదలవుతుందా అన్నది ఒకటి చెబితే ఎప్పుడు ఆగుతుందన్నది రెండోది చెబుతుంది, ఒకదాన్ని ఉంచి ఒకదాన్ని తీసేస్తే ఆ జీవులు సగం ప్రాణంతోనే ఉంటాయి.

లొంగిపోయినవాళ్ల విషయంలో పుస్తకం మీకు పెద్దగా సాయం చేయదు, అది మీరే ముందుగా మాట్లాడుకోవాలి. చేతులెత్తినవాడిని చంపుదామని ఒకరు, కట్టేసి వెంట తీసుకెళ్దామని ఒకరు, వదిలేద్దామని ఒకరు అంటే సెషన్ మొత్తం అక్కడే ఆగిపోతుంది, ఒక్కోసారి స్నేహితుల మధ్య మాటలు కూడా గట్టిపడతాయి. క్యాంపెయిన్ మొదలుపెట్టేటప్పుడే మన టేబుల్ దగ్గర ఖైదీలని హింసించడం ఉండదు, మాట ఇచ్చినవాడు కొన్నాళ్లయినా ఆ మాట మీద నిలబడతాడు, ఈ రెండూ అందరూ ఒప్పుకుంటే చాలు. రెండోది డీఎం వైపు నుంచి హామీ. వదిలేసిన ప్రతివాడూ మర్నాడు పదిమందిని వెంటేసుకుని వచ్చి పొడిస్తే, ఇక మీదట ప్లేయర్లు ఎవరినీ బతకనివ్వరు, మీరే అలా నేర్పించినట్టు. వదిలేసిన గాబ్లిన్ ఎప్పుడో ఒకసారి దారి చూపించాలి, కనీసం ఇంకోసారి ఎదురైనప్పుడు వీళ్లని గుర్తుపట్టి ముందే తప్పుకోవాలి.

ఎవరు కొనాలి అంటే, పాత పుస్తకాల మీద ఇష్టం ఉన్నవాళ్లు, ఆ 64 పేజీల్లో ఎంత పట్టించారో చూడాలనుకునేవాళ్లు పీడీఎఫ్ తీసుకోండి. రూల్ మాత్రమే కావాలంటే, ఆ పాత రూల్స్‌నే కొత్తగా చక్కటి లేఅవుట్‌లో 2019లో తెచ్చిన ఓల్డ్-స్కూల్ ఎసెన్షియల్స్ ఉంది, దాని బేసిక్ రూల్స్ పీడీఎఫ్ ఉచితం. ఇప్పుడు ఆడుతున్న గేమ్ ఏదైనా సరే, వదిలిపెట్టాల్సిన పనిలేదు, తర్వాతి సెషన్‌కి ముందు మీ మాన్‌స్టర్ల పేర్ల పక్కన ఒక్కో మొరేల్ నంబరు రాసుకోండి చాలు. నేను వేసుకునే నంబర్లు ఇవి: డబ్బు కోసం కొట్టుకునేవాళ్లకి 7, ఆకలి మీదున్న తోడేళ్లకి 7, కడుపు నిండినవైతే 5, పిల్లల్ని కాపాడుకునే జంతువు ఏదైనా 11, జీతం తీసుకునే కాపలావాళ్లకి 8, తమ ఇల్లు కాపాడుకునేవాళ్లకి 10, మతిపోయిన భక్తులకి 11, వాళ్ల పూజారి పడిపోయాడంటే 7.